కాళ్ళ చప్పుడు కోసం కొనాల్సిన బ్లూరే: ‘దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్!’ మూడు భాగాల సెట్

పాత హాలీవుడ్ మ్యూజికల్స్‌లో ట్యాప్ డాన్స్ చూడటం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే చాలామంది చూపించేది ఈ సెట్టునే. ఎం.జి.ఎం. స్టూడియో తన సినిమాల్లోని పాటలను ఏరి కూర్చిన మూడు చిత్రాలివి. మొదటిది 1974లో, స్టూడియో యాభయ్యో ఏట జాక్ హేలీ జూనియర్ చేతుల మీదుగా వచ్చింది. రెండోది 1976లో నటుడు, నర్తకుడు జీన్ కెల్లీ దర్శకత్వంలో, మూడోది 1994లో వచ్చాయి. తర్వాత వార్నర్ సంస్థ మూడింటినీ బ్లూరే మీదికి తెచ్చింది. ఎస్తర్ విలియమ్స్ ఈతకొలనులు, ఒపేరా గొంతులు, జూడీ గార్లాండ్ పాటలు ఇందులో చాలా ఉన్నాయి. వాటికీ గొప్ప విలువ ఉంది కానీ ఈ సమీక్ష ట్యాప్ వరకే.

ముందుగా తీర్పు చెప్పేద్దాం. ట్యాప్ కోసమైతే మూడో భాగం అన్నిటికన్నా విలువైనది. మొదటి భాగం లేకుండా కుదరదు. రెండోది తీరిక ఉంటే చూడొచ్చు. అయితే ఈ సెట్టు చూసి హాలీవుడ్ ట్యాప్ అంతా చూసేశామనుకుంటే పొరపాటే. సగం సంపద వేరే స్టూడియోల బీరువాల్లో ఉంది. ఆ సంగతి తర్వాత.

చూసేముందు చెవికి కాస్త తయారీ కావాలి. ట్యాప్ చేసేవాడు నర్తకుడే కాదు, ఆ పాటలో ఒక వాద్యగాడు కూడా. బూటు ముందు భాగం కింద ఒక లోహపు బిళ్ళ, మడమ కింద ఇంకొకటి ఉంటాయి. ఇవి సాధారణంగా అల్యూమినియంవి, మరలతో బిగిస్తారు. మర బిగుతుగా ఉంటే చప్పుడు పొడిగా, తెగినట్టు వస్తుంది. కొంచెం వదులు చేస్తే గలగల కలుస్తుంది. మరీ వదులైతే ఒక్క దెబ్బకు రెండు చప్పుళ్ళు వినబడి లయ చెదిరిపోతుంది. ముందు బిళ్ళది సన్నని ధ్వని, మడమ బిళ్ళది బరువైన ధ్వని. మృదంగానికి కుడి ఎడమలున్నట్టే అనుకోండి. ఈ తేడా ఒకసారి పట్టుబడితే కళ్ళు మూసుకున్నా ఏ కాలు ఏం చేస్తోందో చాలావరకు తెలుస్తుంది.

నాలుగైదు అడుగుల పేర్లు తెలిస్తే చాలు. షఫుల్ అంటే పాదం ముందు భాగాన్ని నేలకు ఒరిపిస్తూ ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి ఆడించడం: రెండు చప్పుళ్ళు. ఫ్లాప్‌లోనూ రెండే, కానీ రెండోదానితో బరువు ఆ కాలి మీదికి మారుతుంది. క్రాంప్ రోల్‌లో నాలుగు: కుడి ముందు భాగం, ఎడమ ముందు భాగం, కుడి మడమ, ఎడమ మడమ. ఇవి సమానంగా పడాలి. కొత్తవాళ్ళకు మడమలు రెండూ ఒకేసారి పడిపోయి నాలుగు కాస్తా మూడవుతాయి. వింగ్‌లో పైకి లేస్తూ పాదాన్ని పక్కకు ఒరిపించి, తిరిగి లోపలికి తెస్తూ తాకించి, దిగేటప్పుడు మరో దెబ్బ వేయాలి. ఒక్క కాలి మీద మూడు చప్పుళ్ళు. చీలమండ బిగుసుకుంటే మధ్యది వినబడదు.

వీటన్నిటినీ పట్టి ఉంచేది టైమ్ స్టెప్. ఎనిమిది బార్లలో (బారు అంటే సాధారణంగా నాలుగు మాత్రల ఆవర్తం) ఆరింటి పాటు ఒకే అల్లిక నడిపి, చివరి రెండు బార్లలో దాన్ని విరుస్తారు. మన కచేరీలు విన్న చెవికి ఇది ముక్తాయింపులా తోస్తుంది, వెంటనే పట్టుబడుతుంది. పట్టుబడనిది జాజ్ సంగీతపు స్వింగ్ నడక. అందులో అరమాత్రలు సమానంగా ఉండవు, మొదటిది పొడవు, రెండోది పొట్టి. ‘తకిట’లో మొదటి రెండక్షరాలను కలిపేసి ‘తా–ట, తా–ట’ అని చెప్పి చూడండి, ఇంచుమించు అదే. చతురశ్రంగా లెక్కపెడుతూ చూస్తే ఈ పాటల్లో ప్రధాన నర్తకుడైన ఫ్రెడ్ అస్టేర్ తాళం తప్పుతున్నట్టు అనిపిస్తుంది. తప్పు మన లెక్కలో ఉంది.

ఇప్పుడు మూడో భాగం. దీన్ని అంత ఎత్తున పెట్టడానికి కారణం తెరను రెండుగా చీల్చి చూపిన ఘట్టాలు. అందులో మొదటిది 1941 నాటి ‘లేడీ బీ గుడ్’ నుంచి ట్యాప్ నర్తకి ఎలినార్ పవెల్ ‘ఫాసినేటింగ్ రిథమ్’. ఈ పాటను తెరకు ఎక్కించింది నృత్య దర్శకుడు బస్బీ బర్క్‌లీ. పవెల్ ట్యాప్ చేస్తూ ముందుకు వస్తుంటుంది, కెమెరా వెనక్కి జరుగుతుంటుంది, తెరలు, పియానోలు ఒకదాని వెనక ఒకటి బయటపడుతుంటాయి. సినిమాలో చూస్తే అది కలలా సాగిపోతుంది. ఇక్కడ ఒకవైపు ఆ పూర్తయిన దృశ్యం, పక్కనే అదే సమయంలో ఇంకో కెమెరా పట్టిన షూటింగు సెట్టు. కెమెరా బండి వెనక్కి వస్తున్నకొద్దీ దాని దారిలో ఉన్న పియానోలను, తెరలను పనివాళ్ళు ఒక్కొక్కటిగా లాగేస్తుంటారు. ఎవరిదైనా ఒక్క క్షణం ఆలస్యమైతే షాట్ మొత్తం పోయినట్టే.

ఆ హడావిడి మధ్య పవెల్ కాళ్ళు చూడండి. ఎదురుగా అంత బరువు కదులుతుంటే ఆమె చూపు ఒక్కసారీ కిందికి దిగదు, చప్పుడు ఒక్కటీ ఎక్కువా కాదు తక్కువా కాదు. ఆమె ట్యాప్ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. మోకాలు పెద్దగా లేవదు, పని అంతా చీలమండలోనే. బాలే నేర్చుకుని వచ్చినందువల్ల మొదట్లో ఆమె ఒళ్ళు పైకే లేచేదట. గురువు జాక్ డానహ్యూ ఇసుక సంచులున్న బెల్టు నడుముకు కట్టి నేలకు దింపాడు. ఆ బెల్టు నేర్పిన బరువు ఈ పాటలో స్పష్టంగా కనిపిస్తుంది: నడుం పైభాగం గాలిలో ఉన్నట్టు తేలిగ్గా, నడుం కింద భాగం నేలలో పాతినట్టు.

రెండో ఘట్టం ఫ్రెడ్ అస్టేర్‌ది. 1952లో వచ్చిన ‘ద బెల్ ఆఫ్ న్యూయార్క్’లో ‘ఐ వానా బీ ఎ డాన్సిన్ మ్యాన్’ పాటను ముందు మామూలు దుస్తుల్లో తీశారు. తర్వాత ముస్తాబైన సూటులో, వేరే సెట్టులో మళ్ళీ తీశారు. మూడో భాగం ఈ రెండింటినీ పక్కపక్కన ఒకేసారి నడిపిస్తుంది. వేర్వేరు సమయాల్లో చేసిన రెండు ప్రదర్శనలు, చేయి ఎత్తిన కోణం, తల తిప్పిన క్షణం, జారిన అడుగు దాదాపు ఒకటే. పాటలో ఇసుక నృత్యం కూడా ఉంది: నేల మీద ఇసుక చల్లి బూటును ఒరిపిస్తారు, అప్పుడు ట్యాప్‌లోని ‘టక్’ బదులు ‘సర్’ వస్తుంది. ఇందులో కష్టం ఏమిటంటే టక్కుమనే దెబ్బకు ఉండే కచ్చితమైన మొదలు ఇసుక రాపిడికి ఉండదు. రాపిడిని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో కాలే తేల్చుకోవాలి. అస్టేర్ ఆ రెండు చివరలనూ రెండు టేకుల్లోనూ ఒకేచోట పెట్టాడు. ఈ సెట్టు మొత్తంలో ఒక్క ముక్కను మాత్రమే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకోవాలి.

మూడో భాగంలోనే నల్లజాతి గాయని లీనా హార్న్ వచ్చి ఆ స్టూడియోలో తన అనుభవం గురించి మాట్లాడుతుంది. ట్యాప్‌తో నేరుగా సంబంధం లేకపోయినా ఆ మాటలు దాటేయకండి. ఈ సెట్టులో ఎవరెవరు లేరో, ఎందుకు లేరో అర్థం కావడానికి అవి అవసరం.

మొదటి భాగం నిడివి సుమారు 134 నిమిషాలు. ట్యాప్ అభిమాని వెతుక్కునేది ‘బ్రాడ్‌వే మెలొడీ ఆఫ్ 1940’లోని ‘బిగిన్ ద బెగీన్’. ఫ్రాంక్ సినాట్రా దాన్ని పరిచయం చేస్తాడు. అద్దంలా మెరిసే నల్లని నేల మీద అస్టేర్, పవెల్. పక్కవాడి స్థాయికి ఇద్దరిలో ఎవరూ తగ్గాల్సిన పనిలేని జోడీ ఇది. ఒకచోట వాద్యబృందం ఆగిపోతుంది. మిగిలేది నాలుగు కాళ్ళ చప్పుడే. ఒకరు ప్రశ్న వేసినట్టు ఒక వరస కొడతారు, ఇంకొకరు జవాబిస్తారు, తర్వాత ఇద్దరూ కలుస్తారు. సంగీతం లేనప్పుడు వేగం ఎక్కడైనా పెరిగిందేమో చేత్తో తాళం వేస్తూ చూడండి. మామూలుగా డాన్సర్లు అలాంటి ఖాళీలో తమకు తెలియకుండానే పరిగెడతారు. వీళ్ళు పరిగెత్తరు. షాట్లు పొడవుగా, మనిషి తల నుంచి పాదం దాకా కనిపించేలా ఉంటాయి. అస్టేర్ తన డాన్సులన్నిటికీ పట్టుబట్టి సాధించుకున్న పద్ధతి అది. కాళ్ళు ఆడుతుంటే మధ్యలో ముఖాన్ని చూపిస్తే లయ తెగిపోతుందని ఆయన వాదన, ఈ షాట్లే దానికి రుజువు.

‘జీగ్‌ఫెల్డ్ ఫాలీస్’ నుంచి అస్టేర్, కెల్లీ కలిసి చేసిన ‘ద బాబిట్ అండ్ ద బ్రోమైడ్’ కూడా మొదటి భాగంలోనే ఉంది. ఇద్దరూ ఒకే అడుగు వేస్తుంటే తేడా చూడటానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. అస్టేర్ నిటారుగా ఉంటాడు, బరువు ఎప్పుడూ పైన, చేతులు చివరి వేలి దాకా పలుకుతాయి. కెల్లీ మోకాళ్ళు వంచి, కాళ్ళు ఎడంగా పెట్టి, వ్యాయామశాల నుంచి వచ్చినవాడిలా నేలను బలంగా తీసుకుంటాడు. ఒకరికన్నా ఒకరు మేలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ట్యాప్ స్పష్టత వరకూ మాత్రం అస్టేర్‌దే పైచేయి. కెల్లీ దెబ్బల్లో బలం ఎక్కువ, సన్ననివి పెద్దవి అన్న తరతమాలు తక్కువ.

‘సింగిన్ ఇన్ ద రెయిన్’ (1952) పేరు పాట గురించి కొత్తగా చెప్పడానికేం లేదు, ఒక్కటి తప్ప. కెల్లీ నీళ్ళు చిందించే గుంటలు తమంతట తాము ఏర్పడ్డవి కావు. అడుగు ఎక్కడ పడాలో ముందే నిర్ణయించి అక్కడే తవ్వించారు. కాబట్టి నీటి చప్పుడు కూడా ఆ పాటలో ఒక దరువే.

రెండో భాగంలో డెబ్బై దాటిన అస్టేర్, అరవై దాటిన కెల్లీ కలిసి వ్యాఖ్యానం చెబుతూ కొద్దిగా ఆడతారు. అది మనసుకు హత్తుకుంటుంది. కానీ ఇందులో పాటలు కాని హాస్య సన్నివేశాలు, నాటకీయ ఘట్టాలు కూడా కలిపారు. ట్యాప్ కోసం వచ్చినవాళ్ళు రిమోట్ చేతిలో పెట్టుకోవాల్సిందే.

మూడు భాగాలకూ ఉన్న లోపం ఒకటే: చాలా పాటలు కత్తిరించినవి. ట్యాప్‌లో ఒక వరస మెల్లగా పెరిగి పెరిగి విరుపు దాకా వస్తుంది. మధ్యలో నుంచి చూపిస్తే ఆ పెరుగుదల పోయి చివరి మెరుపు ఒక్కటే మిగులుతుంది. కాబట్టి ఇక్కడ నచ్చిన పాటను రాసిపెట్టుకుని అసలు సినిమాలో మొత్తం చూడాలి.

ఇక వినబడే చప్పుడు గురించి. కెమెరాలో పడిన రోజున కాళ్ళు చేసిన ధ్వని కాదిది, చాలా పాటల్లో తర్వాత చేర్చింది. షూటింగు సెట్టులో ముందే రికార్డు చేసిన పాట గట్టిగా మోగుతుంటుంది, కెమెరా బండి కదులుతుంటుంది. ఆ గోలలో ట్యాప్ శుభ్రంగా పట్టడం కుదరదు. అందుకే తర్వాత స్టూడియోలో చెక్క పలక మీద నిలబడి, తెర మీద తమ బొమ్మను చూస్తూ మళ్ళీ కొట్టేవారు. కొన్నిసార్లు వేరేవాళ్ళు కొట్టేవారు: ఆర్.కె.ఓ. అనే వేరే స్టూడియో సినిమాల్లో అస్టేర్ జోడీ జింజర్ రోజర్స్ ట్యాప్ చాలావరకు నృత్య దర్శకుడు హెర్మీస్ పాన్ కాళ్ళదే. దీన్ని పట్టుకోవడానికి ఆనవాళ్ళున్నాయి. మనిషి కెమెరాకు దూరంగా వెళ్ళినా చప్పుడు తగ్గదు. నేల తడిగానో రాతిలానో కనిపిస్తుంటే ధ్వని మాత్రం పొడి చెక్కది. ఒక్కోచోట పాదం ఇంకా గాలిలో ఉండగానే ‘టక్’ వచ్చేస్తుంది. దీన్ని మోసమనుకోనక్కర్లేదు. తమ అడుగులను తామే రెండోసారి, అంతే కచ్చితంగా కొట్టడం ఇంకా కష్టమైన పని. షూటింగు సెట్టులోనే పట్టిన ట్యాప్ ఎలా ఉంటుందో వినాలంటే ‘రోబెర్టా’ (1935)లో ‘ఐల్ బీ హార్డ్ టు హ్యాండిల్’ చూడండి. అస్టేర్, రోజర్స్ చెక్క నేల మీద ఆడుతుంటే అక్కడికక్కడే రికార్డు చేశారు. ఆ చప్పుడులో చిన్న ఎగుడుదిగుడులు, నవ్వులు కూడా ఉంటాయి.

ఇంత జాగ్రత్తగా అతికించిన చప్పుడును మన ఇంటి టీవీ పాడుచేస్తుంది. ముఖ్యంగా బ్లూటూత్ హెడ్‌ఫోన్లు. ట్యాప్ తార ఆన్ మిల్లర్ నిమిషానికి 500 దెబ్బలు కొడుతుందని అప్పట్లో ప్రచారం. ఆ లెక్క ప్రకారం సెకనుకు ఎనిమిదికి పైగా, అంటే రెండు దెబ్బల మధ్య 120 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 150 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉండొచ్చు. అంటే మీరు చూస్తున్న దెబ్బ ఒకటి, వింటున్నది అంతకు ముందుది. మాటలకైతే పెదవుల దగ్గర కాస్త తేడా అని సర్దుకుంటాం, ట్యాప్‌లో మొత్తం పోయినట్టే. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు వాడండి, లేదా టీవీ సెట్టింగుల్లో ఆడియో ఆలస్యం సరిచేసుకోండి.

తర్వాత ‘జూమ్’. ఈ డిస్కుల్లో ముక్కను బట్టి బొమ్మ ఆకారం మారుతుంది. వ్యాఖ్యాతలు వచ్చినప్పుడు వెడల్పుగా, పాత పాటల్లో దాదాపు చతురస్రంగా ఉంటుంది. పక్కన నల్లని ఖాళీ నచ్చక తెర నిండుగా చేశారంటే పైన తల, కింద పాదాలు తెగిపోతాయి. పాదాలు లేని ట్యాప్ ఎందుకు? కదలికను నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ కూడా ఆపేయండి, అది వేగంగా ఆడే కాలి చుట్టూ మసక పుట్టిస్తుంది. సరౌండ్ కృత్రిమ ధ్వని వద్దు. ప్రతి దెబ్బకూ తోక తగిలి క్రాంప్ రోల్ నాలుగు చప్పుళ్ళూ ఒక ముద్దవుతాయి.

పాత డీవీడీ చవగ్గా దొరికితే ఒక సంగతి చూసుకోండి. పాల్ (PAL, యూరప్, ఇండియా టీవీల పద్ధతి) డిస్కులు సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడుపుతాయి. వేగం 4 శాతం పెరుగుతుంది, 134 నిమిషాల సినిమా 129కి దిగుతుంది, లయ కూడా ఆ మేరకు బిగుస్తుంది. అస్టేర్ నిజంగా ఎంత వేగంగా ఆడాడో తెలియాలంటే 24 ఫ్రేముల బ్లూరేనే నయం. డీవీడీ అయితే ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడుతుందో చెప్పే రీజియన్ సంఖ్య ఉంటుంది: అమెరికా డిస్కు రీజియన్ 1, మన ప్లేయర్లు రీజియన్ 5. కొనేముందు ప్లేయర్ అన్నిటినీ ఆడిస్తుందో లేదో చూసుకోవాలి.

ఇక ఇందులో లేనివాళ్ళు. ఇది ఒక్క స్టూడియో ఆల్బమ్, ఆ స్టూడియో ప్రధాన తారలంతా తెల్లవాళ్ళు. ట్యాప్‌ను పుట్టించి పెంచిన నల్లజాతి కళాకారుల గొప్ప ఘట్టాలు ఎక్కువగా ఇంకెక్కడో ఉన్నాయి. బిల్ రాబిన్సన్‌ను చూడాలంటే ఫాక్స్ వాళ్ళ ‘ద లిటిల్ కర్నల్’ (1935), చిన్నారి షర్లీ టెంపుల్‌తో మెట్ల నృత్యం. ఆయన బూట్లకు చెక్క అడుగులు, అందుకే ధ్వని లోహంలా మోగకుండా గుండ్రంగా ఉంటుంది. మడమ దాదాపు వాడడు, మునికాళ్ళ మీదే నిలుస్తాడు. ఆయన పుట్టిన మే 25నే అమెరికాలో జాతీయ ట్యాప్ దినంగా జరుపుకుంటారు. మడమను కిందికి దించి, దానితో బరువైన దరువు వేయించి ‘రిథమ్ ట్యాప్’ దారి తీసినవాడు జాన్ బబుల్స్. ఆయన కోసం ‘కేబిన్ ఇన్ ద స్కై’ (1943) మొత్తం చూడండి. రాబిన్సన్ తర్వాత వెంటనే బబుల్స్‌ను చూస్తే మడమ ఏం మార్చిందో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

నల్లజాతి ట్యాప్ జోడీ నికొలస్ సోదరుల కోసం ‘స్టార్మీ వెదర్’ (1943) కొని తీరాలి. కాబ్ కాలొవే జాజ్ బృందం వాయిస్తుంటే ఫయార్డ్, హరోల్డ్ చివర్లో పెద్ద మెట్ల మీదికెక్కి, ఒకరి మీదుగా ఒకరు దూకుతూ, ప్రతి మెట్టు మీదా కాళ్ళు రెండు వైపులకూ చాచి దిగుతారు. చేయి ఆనించకుండానే లేస్తారు. జిమ్నాస్టిక్స్ అని పక్కన పెట్టేవాళ్ళున్నారు. లేచే క్షణాన్ని గమనిస్తే ఆ మాట అనరు: పైకి రావడం కూడా తాళంలోనే పడుతుంది. ఎం.జి.ఎం. ఈ సోదరులను ‘ద పైరేట్’ (1948)లో కెల్లీ పక్కన ఆడించింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కొన్ని థియేటర్లు ఆ పాటనే కత్తిరించి వేశాయి.

ఇంకో హెచ్చరిక. పవెల్ ‘హొనొలులు’ (1939)లోనూ, అస్టేర్ ‘స్వింగ్ టైమ్’ (1936)లోనూ రాబిన్సన్‌కు నివాళిగా ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడారు. అడుగులు గొప్పవే, ఆ రంగు మాత్రం అవమానం. పిల్లలతో చూసేటప్పుడు ముందే చెప్పి చూపించండి.

కొనే వరస ఇలా పెట్టుకోవచ్చు. ముందు ఈ సెట్టు, వెంటనే ‘స్టార్మీ వెదర్’. ఆ తర్వాత అస్టేర్, రోజర్స్ కోసం ‘స్వింగ్ టైమ్’, ‘రోబెర్టా’. వాటి తర్వాత కెల్లీ ‘సమ్మర్ స్టాక్’ (1950). అందులో ఖాళీ రంగస్థలం మీద కిర్రుమనే పలక, పరచిన వార్తాపత్రిక ఈ రెండే వాద్యాలు. పత్రికను కాళ్ళతోనే రెండుగా, మళ్ళీ రెండుగా చింపుతాడు, చిరిగే ప్రతి చప్పుడూ లయలోనే ఉంటుంది.

సెట్టు ఇంటికొచ్చిన రోజు మొదటి భాగం మొదటి నుంచి పెట్టకండి. మూడో డిస్కు తీసి అస్టేర్ రెండు టేకుల ఘట్టంతో మొదలుపెట్టండి. మొదటిసారి ఎడమ బొమ్మను, రెండోసారి కుడి బొమ్మను చూడండి. మూడోసారి రెండింటి మధ్య గీత మీద చూపు నిలిపితే, ఆ గీతకు అటూ ఇటూ పాదాలు ఒకేసారి నేలను తాకడం కనిపిస్తుంది.